పన్నెండు గజాల చుక్క

మైదానంలో సున్నం గీతలు గీసే బండి ఇంకా వరండాలోనే ఉంది. దాని పిడికి మైదానం తాళాల గుత్తి, గుత్తి మీద క్లబ్బు వాళ్ళిచ్చిన టోపీ. నిన్న సాయంత్రం తమ్ముడు వదిలేసిన చోటే ఉన్నాయి అన్నీ. మనిషి మాత్రం గది తలుపు వేసుకుని లోపల ఉన్నాడు.

"ఏవయ్యా, కాఫీ రెండోసారి వేడి చేశాను. మూడోసారి చెయ్యను" అంది మా ఆవిడ తలుపు ముందు నిలబడి.

"వద్దు వదినా."

"ఆదివారం మ్యాచ్ పెట్టుకుని గురువారం నాడు పని మానేస్తానంటే ఎలా? ఆ గీతలెవరు గీస్తారు, మీ అన్నయ్యా?"



కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న మరదలు, తమ్ముడి భార్య, తల ఎత్తలేదు. "ఊరుకో అక్కా. ఆ గడియ గాడు ఆట మానేస్తున్నాడని బెంగ. నేను నెలరోజులు పుట్టింట్లో ఉన్నా ఈయన ఒక పూట తిండి మానలేదు."

గడియ అంటే మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. పంతొమ్మిదేళ్ళు ఒకే జట్టుకు, వెనకవైపు ఎడమ పక్కన ఆడాడు. నాది ఇనప సామాన్ల కొట్టు కాబట్టి, అతను వచ్చిన రెండో ఏడే గ్యాలరీలో నేనే అరిచాను, "వీడు గడియరా! పడ్డాడంటే చీమ కూడా లోపలికి రాదు!" అని. ఆ పేరే నిలిచిపోయింది. ఆదివారంతో అతని ఆట ఆఖరు.

తమ్ముడి సంగతి నాకు అంతుపట్టలేదు. మైదానం పనిలో చేరి ఇరవై రెండేళ్ళు. జ్వరంతో కూడా గీతలు గీసినవాడు. ప్రతి సోమవారం మేకులకు వచ్చే వడ్రంగి ఒక సోమవారం రాకపోతే, వాడింట్లో ఏదో అయిందని నేను కబురు పెడతాను. ఇరవై రెండేళ్ళు తప్పని మనిషి ఇవాళ తప్పాడంటే, దానికి బెంగ ఒక్కటే చాలదు. తూకం సరిపోవడం లేదు. రెండో పళ్ళెంలో ఇంకేదో ఉంది.

"ఒరేయ్, నీకెవరైనా ఏమైనా అన్నారా?" అన్నాను.

"ఎవరూ ఏమీ అనలేదన్నయ్యా. అదే బాధ" అన్నాడు.

ఆ మాట పట్టుకుని కొట్టుకు వెళ్ళాను.

* * *

మా తూర్పు గ్యాలరీకి ఒక పద్ధతి ఉంది. ఆట మానేసిన ఆటగాడి చొక్కాను చెక్కకు బిగించి, గ్యాలరీ వెనక గోడకు కొడతాం. అందరివీ కొట్టం. ఐదుగురు పాతకాపులు తలా ఒక ఐదంగుళాల మేకు ఇవ్వాలి. ఐదు మేకులూ వస్తేనే చెక్క గోడ ఎక్కుతుంది. ఒక్కటి తగ్గినా చొక్కా ఇంటికి పోతుంది. ఇన్నేళ్ళలో మూడే ఎక్కాయి.

ఆ ఐదుగురిలో నేనొకణ్ణి. సెలూన్ ఆయన, బస్సు కండక్టరు, లెక్కల మాస్టారు మరో ముగ్గురు. ఐదోది మరదలు. వాళ్ళ నాన్న స్థానం అది. ఆయన పోయాక ఆమెకు వచ్చింది. మేకులు ఎలాగూ నా కొట్లోవే కాబట్టి, తగువు కూడా నా బల్ల దగ్గరే జరుగుతుంది.

నేను వెళ్ళేసరికే ముగ్గురూ ఉన్నారు. బల్ల మీద ఖాళీ డబ్బా పెట్టి నా మేకు అందులో పడేశాను.

"చూశారా, కొట్టువాడికి ఆలోచన అక్కర్లేదు, సరుకు వాడిదే" అన్నాడు కండక్టరు.

"నీకు ఆలోచనెందుకు ఆలస్యమవుతోంది?" అన్నాను.

"పంతొమ్మిదేళ్ళు ఉండిపోయాడు, సరే. ఉండిపోవడం గొప్పా? మా డిపోలో ఒక బస్సు కూడా ఉండిపోయింది. ఎవడూ తీసుకెళ్ళక."

"గడియను పెద్ద జట్టువాళ్ళు రెండుసార్లు పిలిచారు" అన్నాడు సెలూన్ ఆయన. "నా కుర్చీలో కూర్చునే ఫోన్లో వద్దన్నాడు. సగం గడ్డం సబ్బుతో ఉంది. నేను చెవులారా విన్నాను."

"అవతల ఎవరున్నారో విన్నావా?"

"అది ఎలా వింటానయ్యా?"

"వాళ్ళావిడ అయ్యుంటుంది. సినిమాకి రమ్మని" అన్నాడు కండక్టరు.

మాస్టారు నవ్వలేదు. ఆయన దేనికీ తొందరగా నవ్వడు. "జట్టు కింది తరగతికి జారిపోయిన ఏడు గుర్తుందా? పదిహేనుమంది వెళ్ళిపోయారు. ఇతను ఒక్కడే ఉన్నాడు. అది కూడిక. ఫైనల్లో పెనాల్టీ పోగొట్టాడు. అది తీసివేత. నా సమస్యల్లా, రెండూ ఒకే జాతి అంకెలేనా అని."

"మాస్టారూ, కప్పు పోయింది. ఇంకేం జాతి?" అన్నాడు కండక్టరు.

పదకొండేళ్ళ కిందటి మాట. మా జట్టు ఫైనల్‌కు రావడం అదొక్కసారే. మా అదృష్టం కొద్దీ ఆ ఫైనల్ మా మైదానంలోనే పడింది. ఆఖరి నిమిషంలో పెనాల్టీ. గడియ తన్నాడు. బంతి పైకర్రకు తగిలి గ్యాలరీలోకి వచ్చింది. కప్పు వాళ్ళ బస్సులో వెళ్ళిపోయింది.

"తలుపు మడతబందు కిర్రుమనకుండా ఇరవై ఏళ్ళు పనిచేస్తే దాని ఊసు ఎవరూ ఎత్తరు" అన్నాను. "ఒక్కరోజు కిర్రుమంటే నా కొట్టుకు వచ్చి నన్ను తిడతారు. గడియ కూడా అంతే. ఆపిన గోల్స్ ఎవరు లెక్కపెట్టారు?"

"నేను" అన్నాడు మాస్టారు.

"ఎన్ని?"

"నూట నలభై దాటాక మానేశాను. ఆపాడా, అవతలివాడే తప్పాడా అన్న అనుమానం వచ్చింది."

అంతలో మరదలు వచ్చింది, చేతిసంచీతో. కుట్టుపనికి కత్తెరలు సాన పట్టించడానికి ఈ దారినే పోతుంది. డబ్బాలోకి తొంగి చూసింది.

"ఒక్కటేనా? నాకోసం ఆగకండి. నాది రాదు."

"అమ్మాయ్, ఒక్క తన్ను కోసం..." అన్నాను.

"ఒక్క తన్నే బావగారూ. మా నాన్న నలభై ఏళ్ళు ఆ మెట్ల మీద కూర్చున్నాడు ఆ ఒక్క తన్ను కోసం. దగ్గుతూనే వచ్చాడు ఆ రోజు. ఇంటికి వెళ్ళేటప్పుడు దగ్గలేదు కూడా. మాట్లాడనే లేదు. నెల తిరక్కుండా పోయాడు."

ఆమె నా మేకుల పెట్టెలోంచి ఒక మేకు తీసి, అరచేతిలో బరువు చూసి, డబ్బాలో వెయ్యకుండా సంచీలో వేసుకుంది.

"అదేంటి మరి?" అన్నాడు కండక్టరు.

"నాది నా దగ్గరుంటుంది. మీరెవరూ నా పేరు చెప్పి వెయ్యకుండా."

ఆమె వెళ్ళాక సెలూన్ ఆయన గొంతు తగ్గించాడు. "పాపం, ఆమె మాట కాదనలేం. ఆ రోజు గడియకు భయం పట్టుకుంది. నేను కళ్ళారా చూశాను. పెనాల్టీ తన్నేముందు అతనికో అలవాటుంది కదా, గోల్ గీత దగ్గర్నుంచి బంతి చంకలో పెట్టుకుని అంగలు లెక్కపెట్టుకుంటూ పెనాల్టీ చుక్క దాకా వస్తాడు. సరిగ్గా పన్నెండు. ఆ రోజు పన్నెండు వేసి ఆగాడు. కిందికి చూశాడు. మళ్ళీ ఇంకో చిన్న అడుగు వేసి బంతి పెట్టాడు."

"కాళ్ళు వణికి అంగలు చిన్నవయ్యాయి" అన్నాడు కండక్టరు.

"అయ్యుండొచ్చు" అన్నాడు మాస్టారు, ఒప్పుకోని గొంతుతో.

వాళ్ళు ఆ మాట మీదే ఉండగా కొత్త ప్లంబర్ ఒకడు వచ్చి ముప్ఫై అడుగుల గొట్టం కావాలన్నాడు. గోడకున్న పాత టేపు తీసి, ముప్ఫై ఒకటి దగ్గర గుర్తు పెట్టాను.

"అయ్యా, నేనడిగింది ముప్ఫై."

"ముప్ఫయ్యే ఇస్తున్నాను బాబూ. ఈ టేపు మొదటి అడుగు షట్టర్ కింద పడి తెగిపోయింది. మంచి ఉక్కు, పారేయబుద్ధి కాలేదు. దీనికి సున్నా లేదు, ఒకటి నుంచి మొదలు. అందుకని ఎంత కావాలన్నా ఒకటి కలిపి చూడాలి. ఇరవై ఐదేళ్ళుగా మా కొట్లో అందరికీ ఇదే అల..."



మా కొట్లో అందరికీ. తమ్ముడు ఈ బల్ల వెనకే పెరిగాడు. మైదానం పనికి వెళ్ళాక కూడా చాలా ఏళ్ళు ఈ టేపే పట్టుకెళ్ళేవాడు. పెనాల్టీ చుక్క గోల్ గీతకు పన్నెండు గజాల్లో ఉండాలి, అంటే ముప్ఫై ఆరు అడుగులు. వాడు ముప్ఫై ఏడు చూసి చుక్క పెట్టేవాడు. అది సరైన లెక్క, ఈ టేపుకు.

ఫైనల్ ముందురోజు వాడికి కొత్త టేపు ఇచ్చింది ఎవరు? నేనే. ఇంత పెద్ద మ్యాచ్‌కు తెగిన టేపేంటిరా అని, దిగుమతి సరుకు, పెట్టెతో సహా చేతిలో పెట్టాను.

ప్లంబర్ గొట్టం పట్టుకుని నన్ను చూస్తున్నాడు. మాస్టారు కూడా.

"కొట్టు చూస్తుండండి మాస్టారూ" అని పాత టేపు జేబులో వేసుకుని లేచాను.

* * *

తలుపు తట్టలేదు. ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఒరేయ్, ఆ ఫైనల్ రోజు చుక్క ఎంత దగ్గర పెట్టావు?"

లోపల తలుపుకు వీపు ఆనిన చప్పుడు. మా ఇద్దరి మధ్య అంగుళం మందం చెక్క.

"ముప్ఫై ఏడు" అన్నాడు.

నేను అడిగిందల్లా ఆ ఒక్క అంకె. వాడు మిగతాదంతా చెప్పేశాడు, ఎవరైనా అడుగుతారని పదకొండేళ్ళుగా కూర్చున్నట్టు.

"గోల్ ముందు పెట్టె గీతలకు మూలల్లో మేకులు దిగేసి ఉంటాయన్నయ్యా, వాటి మీదుగా గీస్తే చాలు. చుక్కకు మేకు లేదు. ఆ ఏడాది వానలకు ఆ చివర గడ్డి కుళ్ళిపోయి కొత్తది పరిచారు. పాత చుక్క దాంతోపాటే పోయింది. కొత్త టేపుతో కొలిచాను. చెయ్యి దానంతట అదే ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. మ్యాచ్ అయ్యాక సాయంత్రం టేపు చుడుతుంటే చివర కొక్కెం బొటనవేలికి తగిలింది. అప్పుడు తెలిసింది, దీనికి సున్నా ఉందని."

"ఎవరికీ చెప్పలేదా?"

"మర్నాడు పొద్దున వెళ్ళి చెరిపేసి సరిగ్గా పెట్టాను. చెబుదామనే అనుకున్నాను. ఇంటికొస్తే మావయ్య మంచం మీదున్నాడు. మీ మరదలు ఆయన పక్కన కూర్చుని ఇది గడియ గాడి పుణ్యం అంటోంది. రేపు చెబుదాం అనుకున్నాను."

"ఇప్పుడు మానేయడమెందుకు?"

"ఆదివారం అతను మైదానం వదిలి పోతాడు. ఆ చుక్క నేనే పెట్టాలి. చెయ్యి రావట్లేదు. చెబితే ఈ బండి మళ్ళీ నా చేతికివ్వరు. చెప్పకపోతే ఆ తప్పు అతని వెంటే పోతుంది."

నేను జవాబు వెతుక్కుంటుండగా వరండాలో ఏదో కింద పడింది. కత్తెరలు. మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అంతా విన్నదని మొహం చూస్తే తెలిసింది.

"తలుపు తియ్యి" అంది.

తమ్ముడు తీశాడు. గడ్డం మాసి, లుంగీ నలిగి, దొంగలా ఉన్నాడు.

"పదకొండేళ్ళు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. నేను వాణ్ణి తిట్టినప్పుడల్లా నీళ్ళు తాగావు. పొలమారిందేమోననుకుని తల మీద తట్టేదాన్ని కూడా!"

పెళ్ళయినప్పటినుంచి ఆమె వాణ్ణి 'మీరు' అనేది. 'నువ్వు' అనగా నేను వినడం అదే మొదలు.

"మీ నాన్న..." అన్నాడు తమ్ముడు.

"మా నాన్న ఊసెత్తకు. ఆయన పోయేముందు ఏమన్నాడో తెలుసా నీకు? ఆ కుర్రాడు అంత చెడ్డగా తన్నలేదే, ఎక్కడో ఏదో తేడా ఉందే అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను."

"టేపు ఇచ్చింది నేనమ్మా. నా వంతూ ఉంది" అన్నాను.

"మీరు ఇచ్చింది టేపు బావగారూ. ఈయన ఇచ్చింది అబద్ధం."

పెరట్లోంచి మా ఆవిడ తడి చేతులతో వచ్చి, మా ముగ్గుర్నీ చూసి, ఏమీ అడక్కుండా నిలబడిపోయింది. ఎప్పుడూ అడిగే మనిషి.

అప్పుడే గేటు చప్పుడయింది.

"అన్న ఉన్నాడా? గ్రౌండ్‌లో గీతల్లేవు. ఒంట్లో బాగాలేదేమోనని..."

గడియ. కుడి మోకాలికి పట్టీ. మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. ముప్ఫై ఏడేళ్ళ మనిషి దగ్గర్నుంచి చూస్తే ఇంకా పెద్దవాడిలా ఉన్నాడు. తమ్ముడి మొహం, మరదలి మొహం, నా చేతిలోని పాత టేపు వరసగా చూశాడు.

"ఓ, చెప్పేశావా అన్నా?"



"నీకు తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"నా అంగ గజం అన్నా. ఎప్పుడూ గజమే. పన్నెండు వేశాక చుక్క ఇంకా ముందుంది. నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. రెండ్రోజుల తర్వాత వచ్చి చూస్తే చుక్క పన్నెండు దగ్గరే ఉంది. దాన్ని జరిపింది నువ్వే కదా. నీకు తెలిసిందని నాకు తెలిసింది."

"మరి నోరెందుకు విప్పలేదయ్యా?" అంది మా ఆవిడ.

"విప్పితే కప్పు తిరిగిస్తారా వదినగారూ? అన్న ఉద్యోగం పోయేది. పైగా..." మోకాలి పట్టీ సర్దుకున్నాడు. "అడుగు దూరం ఎక్కువైతే మాత్రం, గోల్ కొట్టలేకపోవడమేంటి? అది నా తప్పా, చుక్క తప్పా? పంతొమ్మిదేళ్ళ ఆటలో నాకు తేలనిది అదొక్కటే. శిక్షణలో వందసార్లు ముప్ఫై ఏడు నుంచి తన్నాను. కొన్ని గోల్లోకి పోయాయి, కొన్ని పోలేదు. ఖాళీ గ్యాలరీ ముందు తన్నినవి లెక్కకు రావు."

"ఇప్పుడేమంటావు?" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు బాధకన్నా కుతూహలమే ఎక్కువగా ఉంది.

"ఆదివారం మ్యాచ్ ముందు వీడ్కోలు తన్ను ఒకటి ఇస్తారు నాకు, తూర్పు గ్యాలరీ వైపు. అన్నా, ఆ చుక్క ముప్ఫై ఏడు దగ్గర పెడతావా?"

"తప్పని తెలిసి గియ్యమంటావా?" తమ్ముడి గొంతు పెద్దదయింది. "తెలియక చేసిందే పదకొండేళ్ళు మోశాను. ఆ చుక్క మీదే తర్వాత మ్యాచ్ ఆడాలి. అవతలి జట్టువాడి సంగతేంటి?"

"తన్నాక చెరిపెయ్."

"గడ్డి మీద సున్నం అంత తొందరగా పోదు."

"నీ ఇష్టం అన్నా. అడగాలనిపించింది, అడిగాను." మరదలి వైపు తిరిగాడు. "మీ నాన్నగారు ఆ రోజు గేటు దగ్గర నా భుజం తట్టారమ్మా. ఏమీ అనలేదు. అది మీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మీరు నన్ను చూస్తే అటు తిరిగేవారు."

అతను గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మరదలు గేటు వైపే చూస్తూ ఉండిపోయింది.

తమ్ముడు టోపీ పెట్టుకున్నాడు. బండి పిడి పట్టుకుని, "అన్నయ్యా, అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు.

* * *

మధ్యాహ్నపు ఎండలో మైదానం ఖాళీగా ఉంది. నేను గోల్ గీత మీద మోకాళ్ళూని కొత్త టేపు కొక్కెం పట్టుకున్నాను. సున్నా నా బొటనవేలి కింద ఉంది. తమ్ముడు టేపు వదులుకుంటూ ముందుకు నడిచాడు. పిలవకుండానే వెంట వచ్చిన మరదలు సంచీ చంకన పెట్టుకుని వాడి పక్కనే నడిచింది.

వాడు ఆగాడు. వంగాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. సున్నం పిడికిట్లోనే ఉంది.

"ఎంత దగ్గర ఉన్నావురా?" అని అరిచాను.

వాడు అర అంగ ముందుకు వేశాడు, వెనక్కి వచ్చాడు. ఒక్క తన్నుతో పదకొండేళ్ళు తూగవని నాకు తెలుసు. ఆ మాట అరిచి చెప్పేది కాదు.

మరదలు వాడి చేతిలోంచి టేపు తీసుకుంది. నేల మీద ఆనించి, లాగి బిగించింది. నా వేలి కింద కొక్కెం కదిలి నిలిచింది. వంగి అంకె చదివింది. మొగుణ్ణి ఏదో అడిగింది, వాడు తల ఊపాడో అడ్డంగా తిప్పాడో ఎండలో తెలియలేదు.

ఆమె సంచీలో చెయ్యి పెట్టి పొద్దున నా కొట్లో తీసుకున్న మేకు బయటికి తీసింది. ఆ చుక్కకు ఇంతకాలం లేని మేకు. కత్తెర పిడితో నాలుగు దెబ్బలు కొట్టి గడ్డిలోకి తలదాకా దిగేసింది.

ఐదింటిలో ఆమె మేకు ఇక్కడే దిగిపోయింది, గ్యాలరీ చెక్కకు ఇక నాలుగే మిగిలాయి.

పన్నెండు గజాల దూరం నుంచి, ఇంకో అడుగు ఎక్కువైనా సరే, టేపు మీద అంకె నాకు కనబడలేదు.